చిల్లు పడిన ఆకులు

మా ఆవిడ మంగతాయారు కరివేపాకు మొక్క చివుళ్ల మీద రెండు వేళ్లతో మెల్లగా తట్టి, "ఇది కాదు" అంది.

పక్క కవరులోని మొక్కను తట్టింది. "ఇదీ కాదు."

ఆమె కుడిచేతికి ఉల్లిపొర లాంటి పలచని తొడుగు ఉంది. దాని వేళ్ల కొసల్లో కంటికి ఆనీ ఆనని నూగు. నాలుక కింద కందిబద్దంత బిళ్ల. ఆమె వెనకే నడుస్తూ మా మేనకోడలు హైమవతి ప్రతి మొక్క దగ్గరా ఆమె ముఖం చూస్తోంది. ఆ వెనక నేను, కాదన్న మొక్కలను పక్కకు జరుపుతున్నాను.

"మొత్తం నర్సరీని కాదనేసేలా ఉన్నావే. అన్నీ నేను పెంచినవే. కాస్త మొహమాటపడు" అన్నాను.

"మొహమాటానికి పోతే పిల్లలు పస్తుంటారండీ" అంది వెనక్కి తిరగకుండా.

ఆమె చెప్పే పిల్లలు అప్పటికింకా పుట్టలేదు. పుట్టినా గొంగళిపురుగులుగానే పుడతారు.

మాది కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ. మా తాత మొదలుపెట్టాడు. రోడ్డు వెంట ఎటు చూసినా పువ్వులే, కానీ వాటి మీద వాలే సీతాకోకచిలుకలు మా ప్రాంతంలో కనబడడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటి పిల్లలకు అవి ఫోన్లో ఎగిరేవి మాత్రమే. హైమ పనిచేసే పరిశోధన కేంద్రంలో ఒక రకాన్ని మాత్రం గాజుగదిలో పెంచి కాపాడుతూ వచ్చారు. నల్లని రెక్కల మీద పసుపు చుక్కలుండే రకం అది. నిమ్మ, కరివేపాకు, నారింజ లాంటి చెట్ల ఆకు తప్ప దాని పిల్ల మరొకటి ముట్టదు.

వాటిని మళ్లీ బయటికి వదలాలని చూశారు. మా నర్సరీ వెనక స్థలంలోనే వదిలారు. నూరువరహాల మీద, తలంబ్రాల పొదల మీద రోజంతా తేనె తాగాయి. చూసినంతసేపూ కన్నుల పండుగే. తర్వాత ఆడవి నిమ్మ మొక్కల దగ్గరికి వెళ్లి, ముందుకాళ్లతో ఆకును తట్టి, లేచిపోయాయి. ఇంకొకటి తట్టి, లేచిపోయాయి. గుడ్డు పెట్టకుండానే చచ్చిపోయాయి.

"పువ్వు వాటికి హోటల్ లాంటిది మావయ్యా. ఆకు పురిటిల్లు. హోటల్ ఎంత బాగున్నా అక్కడ పురుడు పోసుకోరు కదా" అంది హైమ.

సీతాకోక కాళ్లతో రుచి చూస్తుందట. ఆకును తట్టేది అందుకే. భగవంతుడు మనకు ఆరు రుచులిచ్చాడు. దానికి ఒక్క ప్రశ్న ఇచ్చాడు: నా బిడ్డ దీన్ని తిని బతుకుతుందా, బతకదా? మా మొక్కల ఆకుల్లో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది. చూడ్డానికి అదే నిమ్మ, నలిపితే అదే వాసన. లోపల ఏదో పోయింది.

కేంద్రంలో ముసలి నిమ్మచెట్టు ఒకటుంది. ఇన్నాళ్లూ వాటికి అదే ఆధారం. అది తెగులు పట్టి ఎండిపోతోంది. కొమ్మ తెచ్చి అంటు కట్టినా తెగులు వెంట వచ్చేస్తోంది. ఆ చెట్టు మీద పెరిగిన చివరి పురుగులు గూళ్లు కట్టుకున్నాయి. హైమ ఆ గూళ్లను చల్లని అరలో పెట్టి ఆలస్యం చేస్తోంది. ఎక్కువ కాలం ఆపితే లోపలే చచ్చిపోతాయి. ఈలోగా సరైన మొక్కలు దొరకాలి.

"ఆకులో ఏముందో మీ యంత్రాలు చెప్పవా?" అని అడిగాను.

"ఏమేం ఉన్నాయో చెబుతాయి మావయ్యా. పులుసులో ఏమేం వేశారో చెప్పినంత మాత్రాన పులుసు కుదిరిందో లేదో తెలుస్తుందా?"

అందుకే ఆ తొడుగు. సీతాకోక కాలికుండే నూగును చూసి హైమ తయారుచేసింది. వేళ్లకు తగిలినది నాలుక కింది బిళ్ల ద్వారా మనిషికి తెలుస్తుంది. మొదట తానే తొడుక్కుంది. అన్నీ ఒకటే చేదు. ఆమె దగ్గర చదివే పిల్లలకూ అంతే. ఒకరోజు మంగతాయారు హైమకు గారెలు పట్టుకెళ్లి, సరదాకి తొడుక్కుని, ఆ ముసలి నిమ్మచెట్టును తాకింది. తాకి చేయి వెనక్కి తీసుకోలేదట.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"రుచి కాదే ఇది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంది."

ఆమెకే ఎందుకు తెలిసిందో హైమ చెప్పలేకపోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నే పూజ, వంట ముగించుకుని మొక్కల్లోకి దిగడం మా ఆవిడకు అలవాటైంది. చలికాలం అంతా తిరిగితే వేల మొక్కల్లో ఆమె ఔనన్నవి రెండే. పుట్టబోయే పురుగులకు అవి ఏ మూలకీ చాలవు. ఆ రెండింటి దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుండిపోయేది. అన్నానికి పిలిస్తే, "మీరు తినేయండి" అనేది.

ఉగాది వచ్చింది. మా ఇంట్లో ఉగాది పచ్చడి మగవాళ్లే చేస్తారు, మా నాన్న నాటి నుంచీ అంతే. నైవేద్యం పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. పచ్చడే కాదు, మా ఇంట్లో ఏ వంటా దేవుడి కంటే ముందు రుచి చూడరు. పెళ్లయిన దగ్గర్నుంచి మంగతాయారు కంటి అంచనాతో, చేతి కొలతతో వండిందే. ఆ అలవాటు ఏం దాచిపెట్టగలదో ఆ రోజు దాకా నాకు తట్టలేదు.

పచ్చడి కలిపి దేవుడి ముందు పెట్టి, హారతి ఇచ్చి, ముందు మా ఆవిడ చేతిలో వేశాను. హైమ కూడా ఆ పూట మా ఇంటికే వచ్చింది.

"ముందేం తగిలింది అత్తయ్యా?" అని అడిగింది. ఏటా అందరం ఒకరినొకరం అడిగే మాటే.

"తీపేనే. ఏడాదంతా బావుంటుంది" అంది మంగతాయారు నవ్వుతూ.

హైమ నోట్లో వేసుకుని ముఖం ముడిచింది. "మావయ్యా, బెల్లం వేశారా అసలు?"

వెయ్యలేదు. ఇసుక ఉంటుందని నీళ్లలో కరగబెట్టి, వడకట్టి, గిన్నెతో పొయ్యి గట్టు మీదే మర్చిపోయాను. పచ్చడిలో ఉన్నది పులుపు, కారం, వేపపువ్వు చేదు మాత్రమే.

నవ్వబోయి ఆగిపోయాను. హైమ నవ్వలేదు. అత్తయ్య ముఖంలోకే చూస్తోంది.

"ఎన్నాళ్లైంది?" అని అడిగింది.

మా ఆవిడ కొంగుతో చేయి తుడుచుకుంది. "ముక్కోటి ముందు నుంచి కొంచెం కొంచెంగా... సంక్రాంతి వెళ్లాక అసలేం లేదు. తెలిస్తే ఆపేస్తారని చెప్పలేదు."

"పులుపు కూడా తెలియదా?"

"మట్టి తిన్నట్టుందే ఏం తిన్నా. ఆకులు మాత్రం బాగా తెలుస్తున్నాయి. ముందుకంటే బాగా."

హైమ పీట మీద కూలబడింది. "రెండు రుచులూ నాలుక నుంచి వెళ్లే దారి ఒకటే అత్తయ్యా. ఆకు కబురు మోసీ మోసీ, అన్నం కబురు మోయడం మానేసింది. తప్పు నాదే. నెలనెలా చూడాల్సింది."

"మళ్లీ వస్తుందా?" అన్నాను.

"ఇప్పుడు ఆపితే రావచ్చు. ఇంకా వాడితే రాదనే అనుకోవాలి."

పండుగ పూట ఎవరం సరిగా తినలేదు. హైమ తొడుగు తీసి తన సంచిలో పెట్టుకోబోతే మంగతాయారు చేయి పట్టుకుంది.

"ఇంకా నిమ్మ మడులు చూడలేదు. పక్క నర్సరీలు చూడలేదు. గూళ్లు ఎన్నాళ్లాగుతాయి?"

"అవి పోతే పోయాయి అత్తయ్యా."

"నువ్వనాల్సిన మాటేనా అది?"

"ఆపేయ్ తాయారూ" అన్నాను నేను.

"నాలుక నాదండీ."

"నీదే. రుచీ పచీ లేకుండా నువ్వు మింగుతుంటే రోజూ ఎదురుగా కూర్చుని చూడాల్సింది మాత్రం నేను."

ఆమె హైమ చెయ్యి వదిలేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఇన్నేళ్లు వండాను. బావుందంటారు, లేకపోతే ఊరుకుంటారు. ఇది వేరండీ. ఫలానా ఆకు దగ్గర చెయ్యి పెడితే... ఇక్కడ పెట్టు, బతుకుతారు, అన్నట్టుంటుంది. ఎవరి పిల్లలైతేనేం?" కళ్లు తుడుచుకుని, "ఈ వారం ఆగుతాను. వేరే దారి చూపించండి. లేకపోతే తొడుక్కుంటాను" అంది. హైమ తొడుగున్న సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది, కానీ అత్తయ్య మళ్లీ అడిగితే ఇవ్వనని అనలేదని ముగ్గురికీ తెలుసు.

మర్నాడు మంగళవారం. ఆంజనేయస్వామికి తమలపాకులు పెడతాను. పెరట్లో మా తీగే ఉంది. స్నానం చేసి, తడిబట్టలతో ఆకులు కోస్తూ, మనసంతా తాయారు నాలుక మీదే పెట్టుకుని, స్వామీ, ఆవిడకేది మేలో అది చెయ్యి అని అనుకుంటున్నాను. అడగడమైతే అడిగాను కానీ, ఏది మేలో నాకే తెలియలేదు. నాలుక మిగిలితే ఆ జీవాలు పోతాయి. జీవాలు మిగిలితే నాలుక పోతుంది. రెండూ ఆయన సృష్టే. రెంటిలో ఒకటి తీసుకో అనడం ఆయన పద్ధతి అవునా, లేక మా తొందర వల్ల వచ్చిన చిక్కా?

చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మంచి ఆకు పళ్లెంలోకి, చిల్లు పడిన ఆకు అవతలికి. దేవుడికి చిల్లు ఆకు పెట్టం. ఎవరూ నేర్పక్కర్లేదు, చూసి నేర్చుకున్నదే. ఆ ఉదయం మాత్రం ఒక చిల్లు ఆకు చేతిలో ఆగిపోయింది. అంచు నుంచి నడుమ దాకా ఏదో పురుగు చక్కగా, వంపు తిరిగేలా కొరుక్కుని తిన్నది. అడవుల్లో ఆకులూ అలములూ తిని తిరిగిన స్వామి దీన్ని చూసి ముఖం తిప్పుకుంటాడా? ఏమో. కానీ ఈ ఆకు ఏదో ఒక నోటికి రుచించింది. పళ్లెంలో ఉన్న నున్నటి ఆకులు ఎవరికీ రుచించలేదు.

అక్కడే నిలబడిపోయాను.

నర్సరీలోనూ నేను చేసేది ఇదే. నేనే కాదు, మా నాన్న, మా తాత, కడియం చుట్టుపక్కల అందరం. చిల్లు పడిన మొక్కను అమ్మకానికి పెట్టం. పెట్టినా ఎవరూ కొనరు. పురుగు ముట్టని మొక్క నుంచే కొమ్మ కోసి కొత్త మొక్క కడతాం. పురుగు తిన్నదాన్ని కాలవ గట్టు మీద పారేస్తాం. తరాల తరబడి ఏరి ఏరి, ఎవరూ తినని ఆకును తయారుచేశాం. తినదగ్గ ఆకంతా కాలవ గట్టుకు పోయింది.

పూజ ముగించుకుని హైమకు ఫోన్ చేశాను. ఆ చిల్లు ఆకును కూడా స్వామి పాదాల దగ్గరే పెట్టాను.

హైమ అంతా వింది. "వేరే పురుగుకి నచ్చిందల్లా సీతాకోకకి నచ్చాలని లేదు మావయ్యా" అంది. "కానీ ఏ పురుగూ ముట్టని మొక్కని అదీ ముట్టదు. వేల మొక్కల బదులు ఏ ముప్పయ్యో నలభయ్యో తేగలిగితే, అత్తయ్య తాకక్కర్లేదు. గాజుగదిలో పెట్టి సీతాకోకలనే తట్టి చూసుకోమందాం. ఆ కాసిన్ని మొక్కలైతే చూసుకోగలవు."

కాలవ గట్టు మీద ఇప్పుడు ఏమీ లేదు. పారేసినవాటిని ఊళ్లోవాళ్లు పట్టుకెళ్లి పెరళ్లలో నాటుకుంటారు. కాబట్టి మోపెడ్ వేసుకుని ఊరి మీద పడ్డాను.

"సూరమ్మ గారూ, మీ కరివేపాకుకి పురుగు పట్టిందా?"

సూరమ్మ చేటలోని బియ్యం పక్కన పెట్టి లేచింది. "మా మొక్కకి పురుగేంటండి గంగరాజు గారూ? వారం వారం మందు కొట్టిస్తుంటేను. ఎవరు చెప్పారండి మీకు? ఆ ఎదురింటావిడేనా?"

"ఎవరూ చెప్పలేదు. ఉంటే ఇమ్మని."

"లేదండి. శుభ్రంగా ఉంది." అంటూనే పెరటి తలుపు దగ్గరగా వేసింది.

ఏ ఇంటికి వెళ్లినా ఇంతే. నర్సరీ వాడు వచ్చి మీ మొక్కకు పురుగుందా అంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? ఒకాయనైతే ముఖం మీదే అనేశాడు: "మీ కోడలికి పేలున్నాయా అనడిగినట్టుందండి మీరడిగేది." మధ్యాహ్నం దాకా తిరిగి ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. తాయారు అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని తానూ తిన్నది, మందు మింగినట్టు.

మర్నాడు పొద్దున పాల కేంద్రం దగ్గరికి వెళ్లాను. ఊళ్లో ఆడవాళ్లంతా క్యాన్లతో అక్కడే ఉంటారు. ఇంటి సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు చేతకాదు. అయినా చెప్పాను. మా ఆవిడకు నోటికి రుచి తెలియడం లేదని, ఎందుకు పోయిందని, చిల్లులున్న మొక్కలు దొరక్కపోతే మొండిగా మళ్లీ ఆ తొడుగు తొడుక్కుంటుందని.

పాలు కొలిచే అబ్బాయి కూడా కొలవడం ఆపాడు.

"తాయారమ్మ గారికా?" అంది సూరమ్మ. "మొన్న పేరంటంలో నా పులిహోర బావుందన్నారు కదండీ."

"ఆవిడకు తెలియలేదమ్మా. నీ మనసు నొప్పించలేక అంది."

వెనక నుంచి ఎవరో ముసిముసిగా నవ్వారు. సూరమ్మ అటు ఒక చూపు చూసి, ఇటు తిరిగి, గొంతు తగ్గించి అంది. "మా కరివేపాకుకి ఒళ్లంతా చిల్లులేనండి. మందూ లేదు, మాకూ లేదు. నిన్న అబద్ధమాడాను. వచ్చి తవ్వుకుపోండి."

ఆ మాటతో గట్టు తెగినట్టయింది. "మా నిమ్మ కాయ కాయదండి, ఆకు నిలవదు" అని ఒకరు. "మా దబ్బ చూడండి ముందు, దాని ముందు వీళ్లదేం పురుగు" అని ఇంకొకరు. నిన్న శుభ్రమైన మొక్కలున్నవాళ్లంతా ఈ రోజు మా మొక్క అధ్వానమంటే మా మొక్క అధ్వానమని పోటీ పడ్డారు. సాయంత్రానికి మా ట్రాలీ ఆటో నిండా బక్కచిక్కి, ఆకులన్నీ జల్లెడలైన మొక్కలు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. మా తాత చూసి ఉంటే నన్ను నర్సరీలో అడుగుపెట్టనిచ్చేవాడు కాదు.

హైమ వాటిని గాజుగదిలో వరసగా పెట్టి, గూళ్లను అరలోంచి తీసింది. కొన్ని లోపలే ఎండిపోయాయి. మిగిలినవి ఒక్కొక్కటే చిట్లి, తడిరెక్కలతో బయటికొచ్చి, ఆరి ఎగిరాయి.

మంగతాయారు గాజుకు ఇవతల స్టూలు వేసుకుని కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుంది, ఒట్టి చేతులు. లోపల ఒక ఆడ సీతాకోక మొదటి మొక్కను తట్టి లేచిపోయింది. రెండోదాన్ని తట్టి లేచిపోయింది. నిమ్మను, దబ్బను, ఇంకో నిమ్మను. నేను హనుమంతుణ్ని తలుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాను. మంగతాయారు వేళ్లు ఒడిలో కదులుతున్నాయి, అది తట్టినప్పుడల్లా తామూ తడుతున్నట్టు.

సూరమ్మ కరివేపాకు మీద అది ఆగింది. తట్టింది. మళ్లీ తట్టింది. పొట్ట వంచి, ఆకు అడుగున పసుపు ముత్యం లాంటి గుడ్డు ఒకటి అంటించింది.

హైమ ఏడ్చింది. నేను గాజుకు దణ్ణం పెట్టాను. మా ఆవిడ మాత్రం ఆ ఆకు వైపే చూస్తూ, "నేను తాకి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని" అంది. ఆ గొంతులో సంతోషముంది. దాంతో పాటు, తనను పిలవని పెళ్లిని వీధిలోంచి చూసే మనిషి దిగులు కూడా ఉంది. ఆ పిలుపు ఆమెకు మళ్లీ వినపడలేదు. తొడుగు కావాలని అడగలేదు. అడగకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు.

వాటికి నచ్చినవి కొద్ది మొక్కలే. ఆ కొద్దిటికే కొమ్మలు కోసి అంట్లు కట్టాం. నర్సరీలో రోడ్డు వైపు మడి వాటికే ఇచ్చాను. ఆ గుడ్ల నుంచి వచ్చిన సీతాకోకలను హైమ అక్కడే మళ్లీ బయటికి వదిలింది. రాజమండ్రి నుంచి ఒకావిడ కారులో వచ్చి, సీతాకోకలొచ్చే మొక్కలు కావాలంది. నూరువరహాలు, కాశీరత్నం చూపించి, ఈ చిల్లుల కరివేపాకు కూడా తీసుకోమన్నాను.

"ఇదెందుకండీ? ఆకులన్నీ పురుగు తినేస్తుంది కదా?"

"అందుకేనమ్మా. పువ్వొక్కటే పెడితే చుట్టాల్లా వచ్చి పోతాయి. ఇది పెడితే కాపురముంటాయి."

మొహమాటానికి ఒకటి తీసుకుంది. నెల తిరక్కుండా వచ్చి ఇంకో నాలుగు తీసుకెళ్లింది.

హైమ నెలనెలా వచ్చి మంగతాయారు నాలుక మీద తీపి, పులుపు, ఉప్పు నీళ్ల చుక్కలు వేసి అడిగేది. తెలియదు, తెలియదు, తెలియదు. ఆ పిల్ల ముఖం చూడలేక మా ఆవిడ ఒకసారి, "ఏదో కొంచెం తగిలినట్టుందే" అంది. "నాకు అబద్ధం చెప్పకు అత్తయ్యా, ఇప్పటికే ఒకసారి చెప్పావు" అంది హైమ.

శ్రావణమాసంలో రెండో శుక్రవారం. నర్సరీ మీద పలచగా ఎండ కాస్తోంది. తాయారు పులిహోర చేసి అమ్మవారికి నైవేద్యం పెట్టింది. ఇద్దరం వసారాలో విస్తళ్లు వేసుకుని కూర్చున్నాం. బయట తలంబ్రాల పొద మీద రెండు పసుపు చుక్కల రెక్కలు తిరుగుతున్నాయి. నేను ముద్ద మీద ముద్ద పెట్టుకుని తింటున్నాను.

ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మింగలేదు. నా వైపు చూసింది.

"ఏవండీ."

"ఊఁ."

"ఇందులో ఉప్పు ఎక్కువైంది."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లలో నీళ్లు కనబడతాయని.

"మిమ్మల్నే. ఉప్పు ఎక్కువైందా లేదా?"

"కొంచెం."

"కొంచెమేంటి, ఉప్పు కషాయంలా ఉంది. నాలుక మీద పెట్టుకోలేకపోతున్నాను. ఇదొక్క రోజేనా, రోజూ ఇంతేనా?"

చెయ్యి కొలతను సరిచేసేది నాలుకేనని నాకు ఎప్పుడో అర్థమైంది. ఆ నాలుక లేకపోయేసరికి ఉప్పు నెలనెలా కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. చెబితే ఆమె వంట మానేస్తుందని చెప్పలేదు.

"వైశాఖం నుంచీ" అన్నాను.

"బీపీ మనిషి, నోరు మూసుకుని తింటున్నారా ఇన్నాళ్లూ?" ఇంకో మెతుకు నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, మళ్లీ ఇంకోటి వేసుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తిడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగి దేవుడి గది వైపు తిరిగింది. "అయ్యో, అమ్మవారికి కూడా ఇదే పెట్టాను కదండీ, ఇన్ని శుక్రవారాలూ."

"ఆవిడా ఏమీ అనలేదు" అన్నాను.